తమ్ముడు పోయిన ఇంట్లో ముందుగా రాయవలసింది వంశవృక్షం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది చదివే ఇతరులకు కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందుగా మీరు రాసిన విషయాన్ని క్లుప్తంగా చెబుతాను. మీ తమ్ముడి వయసు 29 ఏళ్లు. శ్రావణ మాసంలో ఒక రాత్రి పెద్ద వాన పట్టింది. మడిలో నీళ్లు ఎక్కువై కొత్త నాటు కొట్టుకుపోతుందన్న భయంతో తెల్లవారకముందే బోరు మోటారు ఆపడానికి వెళ్లి, స్టార్టరు డబ్బా మీద చేయి వేసిన చోటే పడిపోయాడు. భార్యకు 24 ఏళ్లు, కూతురికి నాలుగు, కొడుకుకు ఏడాదిన్నర. మీ నాన్నగారు కూడా 2003లో అదే చేనికి రాత్రి కరెంటు కోసం వెళ్తూ పాము కాటుతో పోయారు. ఇంట్లో మీ అమ్మగారు, 82 ఏళ్ల నాయనమ్మ ఉన్నారు. భూమి 6 ఎకరాల 16 గుంటలు ఈనాటికీ 1991లో చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంది. ఒక సగం పెదనాన్న, మరో సగం మీ తమ్ముడు సాగు చేసుకుంటూ వచ్చారు. పెళ్లయిన మేనత్త ఒకరున్నారు.

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఈ మరణానికి ఏమైనా డబ్బు వస్తుందా, భూమిలో పిల్లలకు ఎంత వస్తుంది, పెద్దమనుషులు మీ మరదలి చేత తెల్ల కాగితం మీద సంతకం పెట్టిస్తామంటుంటే ఏం చేయాలి. ఇవి కాక, "ఆ ఇంట్లో మగవాళ్లు నిలవరు" అని ఊళ్లో అంటున్నారని చివరలో ఒక వాక్యం రాశారు. దాన్ని మీరు ప్రశ్నగా అడగలేదు గానీ, నా దృష్టిలో మిగతా మూడింటికీ సమాధానం అక్కడి నుంచే మొదలవుతుంది. నేను 33 ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం గిర్దావరుగా, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా, తిరిగాను. ఇటువంటి ఇళ్లు చాలా చూశాను కాబట్టి, తెలిసినంత వరకు దాచకుండా రాస్తున్నాను.

మొదట మీరు చేసిన ఒక మంచి పని గురించి చెప్పాలి. శవాన్ని కోయించవద్దని, రెండు రోజులు ఆసుపత్రి చుట్టూ తిప్పవద్దని పెద్దలు ఎంత చెప్పినా మీరు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి పోస్టుమార్టం చేయించారు. ఆ సమయంలో అలా నిలబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. అసహజ మరణమైతే పోలీసులు విచారణ చేసి, పంచుల, అంటే సాక్షుల, సమక్షంలో శవ పంచనామా రాయాలి. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను కింద జరుగుతోంది, పూర్వం ఇదే సీఆర్‌పీసీ 174వ సెక్షను. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక అనే మూడు కాగితాలు లేకపోతే మరణం కరెంటు వల్ల జరిగిందని తర్వాత ఎవరూ ఒప్పుకోరు. కుటుంబం మొత్తం కళ్లారా చూసినా, కాగితం లేని కారణంగా గుండెపోటుగా మిగిలిపోయిన మరణాలు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు మీరు చూసుకోవలసింది ఒక్కటే. మూడింటిలోనూ మీ తమ్ముడి పేరు, తండ్రి పేరు, వయసు ఒకే విధంగా, ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయా? తేడా ఉంటే స్టేషనులో కేసు ముగించి తుది నివేదిక పంపకముందే రాతపూర్వకంగా సవరణ అడగండి. మరణ ధ్రువపత్రం గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇస్తారు. 21 రోజుల్లో నమోదైతే రుసుము లేకుండా వస్తుంది. మీరు నమోదు చేయించారని రాశారు కాబట్టి అరడజను ప్రతులు తీసి పెట్టుకోండి.

ఇక కరెంటు సంగతి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎర్తింగు తీగ తెగి ఉందని, డబ్బాలకు కరెంటు పాసవుతోందని రైతులు రెండుసార్లు లైన్‌మన్‌కు చెప్పారని మీరు రాశారు. మీ కేసులో అతి ముఖ్యమైన మాట ఇదే. విద్యుత్ ప్రమాదంలో మనిషి చనిపోతే పంపిణీ సంస్థ నుంచి ఎక్స్‌గ్రేషియా, అంటే సహాయంగా ఇచ్చే సొమ్ము, కోరవచ్చు. మన తెలంగాణలో అది 5 లక్షల రూపాయల వరకు ఉంది. అయితే ప్రమాదం తమ లైనులో జరిగిందా, రైతు సొంత వైరింగులో జరిగిందా అన్నదాని మీదే సంస్థ ఎప్పుడూ పట్టుబడుతుంది. స్టార్టరు డబ్బా మీ సొంతం కాబట్టి, తప్పు మీదేనని మొదటి జవాబు వస్తుందని ముందే అనుకోండి. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షను ప్రకారం ఇటువంటి ప్రమాదం గురించి ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారికి సమాచారం వెళ్లాలి, ఆయన వచ్చి చూసి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక ప్రతిని అడగండి. ట్రాన్స్‌ఫార్మరు ఎర్తింగును ఈలోగా ఎవరైనా బాగు చేశారా, చేస్తే ఏ తేదీన చేశారో రాసి పెట్టుకోండి, ఫొటోలు ఉంటే భద్రపరచండి, ఫిర్యాదు చేసిన ఇద్దరు రైతులు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో ఆ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మళ్లీ చెప్పించండి.

దరఖాస్తు తిరస్కరిస్తే నోటి మాటతో వెనక్కి రాకండి, రాతపూర్వక జవాబు తీసుకోండి. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వర్సెస్ శైల్ కుమారి కేసులో సుప్రీంకోర్టు 2002లో ఒక ముఖ్యమైన సూత్రం చెప్పింది. వర్షపు రోజున తెగిపడిన తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న మనిషి చనిపోయిన కేసు అది. ఇంత ప్రమాదకరమైన సరుకును సరఫరా చేసే సంస్థ, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, నష్టానికి బాధ్యత వహించాలని కోర్టు అన్నది. మీ కేసు అచ్చంగా అదే కాదు, డబ్బా మీది కాబట్టి వాదన జరుగుతుంది. అయినా ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి లోపం తనిఖీ నివేదికలో నమోదైతే మీ పక్షం బలంగా ఉంటుంది. లాయరు ఖర్చు గురించి భయపడకండి. న్యాయ సేవల అధికారుల చట్టం 1987 ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో మీ మరదలి పేరుతో దరఖాస్తు ఇవ్వండి.

దీంతో పాటు తమ్ముడి బ్యాంకు పాసుపుస్తకం వెంటనే ఎంట్రీ వేయించండి. మే నెల చివరలో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన జ్యోతి బీమా, మరో 2 లక్షలు. రెండూ ఉంటే రెండూ వస్తాయి. పదేళ్ల క్రితం ఖాతా తెరిచినప్పుడు పెట్టిన సంతకంతో ఏటా డబ్బు కట్ అవుతూనే ఉన్నా ఇంట్లో ఎవరికీ తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. సురక్షా బీమాకు 30 రోజుల్లోపు దరఖాస్తు ఇవ్వమంటారు. మీకు ఇప్పటికే 40 రోజులు దాటాయి గనుక ఆలస్యానికి కారణం రాసి రేపే ఇవ్వండి. జనధన్ ఖాతాకు రూపే కార్డు ఉంటే దానికీ ప్రమాద బీమా ఉంటుంది, ప్రమాదానికి ముందు కార్డు వాడి ఉండాలన్న షరతు ఉంది, బ్యాంకులో అడగండి. తెల్ల రేషన్ కార్డు కుటుంబంలో సంపాదించే మనిషి 59 ఏళ్లలోపు పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు తహసీల్దారు ద్వారా వస్తాయి. వితంతు పింఛను వేరు. పిల్లలిద్దరికీ మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల చొప్పున సహాయం దొరికే అవకాశం ఉంది. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచరుకు ఆ కార్యాలయం తెలుస్తుంది.

రైతు బీమా గురించి మీరు ఆశతో అడిగారు. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి నడుస్తున్న ఆ పథకం కింద 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రమాదమే కానక్కరలేదు, పోలీసు కాగితం కూడా అక్కరలేదు. కాని మరణించిన మనిషి పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఉండాలి. మీ తమ్ముడు పదేళ్లుగా దున్నాడు, ఎరువులు మోశాడు, అప్పు తెచ్చి బోరు వేశాడు. అయినా ప్రభుత్వ రికార్డులో అతడు రైతు కాడు. 34 ఏళ్ల క్రితం చనిపోయిన తాతగారు రైతు. తాతగారు పోయినప్పుడు ఫౌతీ, అంటే చనిపోయినవారి స్థానంలో వారసుల పేర్లు రికార్డులో ఎక్కించడం, చేయించలేదు. నాన్నగారు పోయినప్పుడు మీకు 11 ఏళ్లు, తమ్ముడికి ఏడేళ్లు. అమ్మగారు పిల్లలను చూసుకున్నారా, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగారా? ఎవరినీ తప్పు పట్టలేను. కాని ఈ 5 లక్షలు పోవడానికి కారణం అదే.

అందుకే ఊరి వాళ్ల మాట దగ్గరకు వస్తున్నాను. "మగవాళ్లు నిలవరు" అన్నారు. నాన్నగారు పోయిన రోజుల్లో వ్యవసాయానికి విడతలు విడతలుగా, ఎక్కువగా రాత్రి పూట కరెంటు ఇచ్చేవారు. అర్ధరాత్రి వచ్చిన కరెంటు కోసం చేతిలో టార్చి పట్టుకుని గట్టు వెంట నడిచి పాము కాటుకు పోయిన రైతులు ఆ కాలంలో ప్రతి మండలంలోనూ ఉన్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చింది. అంతకు ముందు కరెంటు వచ్చినప్పుడు దానంతటదే మోటారు ఆడేలా పెట్టుకున్న ఆటో స్టార్టర్లను తీసేయమని అప్పట్లో అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. మీ చేనిలో అది అలాగే ఉండిపోయిందని మీ వర్ణనను బట్టి అర్థమవుతోంది. వాన పడుతున్నా మోటారు ఆడుతూనే ఉంది కాబట్టే మీ తమ్ముడు ఆపడానికి వెళ్లాడు. ఇనుప డబ్బా, దాన్ని కట్టిన తడి గుంజ, మీద కప్పిన తడిసిన గోనెసంచి, లోపల ఎలుకలు కొరికిన వైరు, ఎర్తింగు లేకపోవడం, చెప్పులు లేని కాళ్లు. ఇందులో శాపం ఎక్కడుంది? తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే దారిలో, ఒకే మోటారు దగ్గరకు, చీకట్లో వెళ్లవలసి వచ్చింది. మీ మరదలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని ఎవరైనా అంటే, ఆమె పుట్టి రెండేళ్లు అయినప్పుడే మామగారు పోయారని చెప్పండి.

ఆ డబ్బా ఇంకా అక్కడే ఉందని, పెదనాన్న కొడుకు దానితోనే మీ మడికి నీళ్లు పెడుతున్నాడని కూడా రాశారు. తనిఖీ అధికారి చూసి వెళ్లేదాకా దాన్ని ముట్టుకోవద్దు, అంతవరకు పై నుంచి ఫ్యూజులు తీయించండి. తర్వాత ఆటో స్టార్టరు తీసేసి, కొత్త ఎర్తింగు తవ్వించి, ఇనుప డబ్బా స్థానంలో ప్లాస్టిక్ డబ్బా పెట్టించి, లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపేసే బ్రేకరు బిగించాకే మోటారు వాడాలి. ఒక ఎకరం నాటు ఎండినా ఫరవాలేదు.

ఇప్పుడు భూమి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఊళ్లో అందరూ అనుకుంటున్న లెక్క వేరు, చట్టం లెక్క వేరు. తాతగారు దొర దగ్గర కౌలు చేసిన భూమికి 38-ఇ సర్టిఫికెట్ వచ్చిందని, అది నాయనమ్మ సందూకలో ఉందని రాశారు. హైదరాబాద్ కౌలు చట్టం 1950 కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్యం ఇస్తూ జారీ చేసిన పత్రం అది. ఆ సర్టిఫికెట్ తాతగారి పేరున, ఆయన సొంత కౌలు మీద వచ్చి ఉంటే భూమిని ఆయన స్వార్జితంగా చూసే అవకాశం ఎక్కువ. ఆయన తండ్రి కాలం నుంచీ ఉమ్మడి కుటుంబం చేసిన కౌలు అని తేలితే పిత్రార్జితం లెక్క వస్తుంది, అప్పుడు కొడుకుల వాటాలు పెరుగుతాయి, మనవడి వాటా చాలా పెరుగుతుంది. కాబట్టి ఆ పత్రాన్ని, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన పాత రికార్డు) నకలును కలిపి లాయరుకు చూపించండి. పహాణీలో కాస్తుదారు (సాగుదారు) గడిలో తాతగారి పేరుందా, ఆయన తండ్రి పేరుందా అన్న ఒక్క గడి మీద మీ ఇంటి లెక్క ఆధారపడుతుంది.

స్వార్జితమనే అనుకుని లెక్క చెబుతాను. 6 ఎకరాల 16 గుంటలంటే 256 గుంటలు. వీలునామా లేకుండా 1991లో తాతగారు పోయారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం మొదటి తరగతి వారసులైన భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు సమానంగా పంచుకోవాలి. ఒక్కొక్కరికి 64 గుంటలు. అంటే నాయనమ్మకు 64, పెదనాన్నకు 64, మీ నాన్నగారికి 64, మేనత్తకు 64. తర్వాత 2003లో నాన్నగారి 64 గుంటలు ఆయన తల్లి, భార్య, కూతురు, కొడుకు మధ్య పడ్డాయి. ఒక్కొక్కరికి 16. కొడుకు చనిపోతే తల్లికి కూడా వాటా వస్తుందన్న సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ఇప్పుడు మీ తమ్ముడి 16 గుంటలు అతడి తల్లి, భార్య, కూతురు, కొడుకు మధ్య నాలుగేసి గుంటలుగా పడతాయి.

కలిపి చూడండి. మీ మరదలికి, ఇద్దరు పిల్లలకు కలిపి చట్ట ప్రకారం నేరుగా వచ్చేది 12 గుంటలు. మీ అమ్మగారికి 20. మీకు 16. నాయనమ్మకు 80, అంటే రెండు ఎకరాలు. పెదనాన్నకు 64, మేనత్తకు 64. మీ తమ్ముడు దున్నిన సగం 128 గుంటలు. నాయనమ్మ 80, అమ్మగారు 20, మీరు 16, మరదలు పిల్లలు 12 కలిపితే సరిగ్గా 128. అంటే మీరు నలుగురు ఆడవాళ్లు ఒక మాట మీద ఉంటే ఇప్పుడున్న గెట్టు ఒక్క అడుగు కూడా జరగనక్కరలేదు. మరోవైపు పెదనాన్న "నా సగం" అంటున్న 128లో ఆయన సొంతం 64 మాత్రమే, మిగతా 64 మేనత్తది. ఆమె రిజిస్టరు హక్కు విడుదల పత్రం రాసిస్తే తప్ప అది ఆయనది కాదు. ఏళ్లుగా ఆయన స్వాధీనంలో ఉంది కాబట్టి ఆమె హక్కు పోయిందని వాదిస్తారు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు సాగు చేసుకున్నంత మాత్రాన మరొకరి హక్కు దానంతటదే పోదు. పెదనాన్నతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క మీ చేతిలో ఉండాలి. బెదిరించడానికి అని కాదు, కోర్టుకు వెళ్తే తనకూ తగ్గుతుందని ఆయనకు తెలిస్తే మాట మెత్తబడుతుంది.

మీ సొంత 16 గుంటల గురించి ఒక మాట. మేనల్లుడికి, మేనకోడలికి వదిలేయాలని మీరు అనుకుంటున్నట్లు ఉత్తరంలో కనిపించింది. అది మీ ఇష్టం. కాని ఇప్పుడు రాసివ్వకండి. మీ పేరు ఫౌతీలో ఎక్కాలి. పిల్లలకు మేజారిటీ వచ్చేదాకా మీ మరదలితో పాటు వాళ్ల పక్షాన నిలబడి అడగగలిగిన హక్కుదారు మీరే. హక్కు వదులుకున్న అక్కను పంచాయతీలో ఎవరూ కూర్చోనివ్వరు.

ఇంత లెక్క తేలాలంటే వంశవృక్షం సరిగా ఉండాలి. తాతగారి పేరు పైన, ఆయన భార్య, వారికి పుట్టిన అందరు పిల్లలు, పోయినవారి మరణ తేదీలు, వారి భార్యలు, పిల్లలు, పెళ్లయి వెళ్లిన కూతుళ్లు. ఒక్కరినీ వదలకూడదు. ఇల్లరికం వచ్చినవారు, దత్తత వెళ్లినవారు, రెండో పెళ్లి ఉంటే ఆ సంతానం కూడా రాయాలి. నా ఉద్యోగం మొదట్లో, 1997లో, ఒక ఊళ్లో గద్దె మీద కూర్చున్న మగవాళ్లు చెప్పింది విని వంశవృక్షం రాసుకున్నాను. ముగ్గురు కొడుకులన్నారు, ముగ్గురినే రాశాను. ఆరేళ్ల తర్వాత భర్త పోయిన ఒక స్త్రీ కార్యాలయానికి వచ్చి, తాను ఆ ఇంటి కూతురినని, తనను ఎవరూ అడగలేదని చెప్పింది. ఆమె పేరు లేని ఆ కాగితం కింద నా సంతకం ఉంది. దాన్ని సరిచేయడానికి ఆమె ఎన్ని ఏళ్లు తిరిగిందో నాకు తెలుసు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా గద్దె మీద ఆగకుండా, లోపలికి వెళ్లి ఆ ఇంట్లో అందరికంటే పెద్ద స్త్రీని అడగడం అలవాటు చేసుకున్నాను. ఒక ముసలమ్మ చేటలో చింతగింజలు పోసుకుని నా ముందు కూర్చుంది. పుట్టిన ప్రతి బిడ్డకు ఒక గింజ నేల మీద పెట్టింది. పురిట్లో పోయిన ఇద్దరివి బోర్లించింది. పెళ్లయి వెళ్లిన కూతుళ్ల గింజలను పక్కకు జరిపింది గాని తీసేయలేదు. పది నిమిషాల్లో మూడు తరాలు నా ముందు ఉన్నాయి, అంత సరైన వంశవృక్షం నేను ఏ కచేరీలోనూ చూడలేదు. మీ నాయనమ్మ గారితో అలాగే కూర్చోండి. తాతగారు పోయిన నెల, ఊళ్లో అప్పుడు ఏ పండుగ వచ్చింది, ఏ పంట కోతలో ఉంది అని అడిగితే తేదీలు కూడా దొరుకుతాయి. ఆమె చెబుతుంటే ఫోనులో వీడియో తీసి, పక్కన కాగితం మీద రాయండి.

తాతగారి, నాన్నగారి మరణాలు నమోదై ఉన్నాయో లేదో పంచాయతీ పాత రిజిస్టర్లలో వెతికించండి. ఏడాది దాటిన మరణాన్ని ఇప్పుడు నమోదు చేయాలంటే మెజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. అందుకు సమయం పడుతుంది గనుక ముందుగా ఆ పని మొదలుపెట్టండి. తర్వాత తహసీల్దారు దగ్గర ఫౌతీకి, అంటే విరాసత్‌కు, దరఖాస్తు. ధరణి (పాత భూ రికార్డుల పోర్టల్) కాలంలో వారసులందరూ కలిసి వచ్చి ఉమ్మడిగా ఒప్పుకుంటే తప్ప పని జరిగేది కాదు, ఒక్కరు అలిగినా ఆగిపోయేది. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టంలో వారసులకు నోటీసులిచ్చి విచారణ జరిపే పద్ధతి ఉంది, తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు ఉంది. పహాణీలో తాతగారి పేరు ఇంటి పేరు లేకుండా, తండ్రి పేరుతో మాత్రమే ఉండవచ్చు. ఆధార్ లేని కాలం మనిషి కాబట్టి ఇద్దరూ ఒకరేనని పంచుల వాంగ్మూలం అవసరమవుతుంది. ఇది చదువుతున్న ఆంధ్రప్రదేశ్ వాసులకు గుంటల స్థానంలో సెంట్లు, పహాణీ స్థానంలో అడంగల్, 1బి ఉంటాయి. వారసత్వ చట్టం మాత్రం ఒక్కటే.

పెద్దమనుషుల కాగితం విషయానికి వస్తే, రెండు లక్షలు, పెళ్లినాటి బంగారం ఇచ్చి, "మాకు భూమితో సంబంధం లేదు" అని మీ మరదలి చేత రాయించి పుట్టింటికి పంపుతామంటున్నారు. ఆమె సంతకం పెట్టకూడదు. స్థిరాస్తి హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కాకపోతే చెల్లదు. పైగా పిల్లల తరఫున హక్కు వదులుకునే అధికారం ఆమెకే లేదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956 ప్రకారం తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు, అయినా మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. అయితే చెల్లని కాగితమే కదా అని సంతకం పెట్టడం కూడా ప్రమాదమే. రేపు విచారణలో ఆ కాగితం చూపించి, ఆమె ఇష్టపడే వెళ్లిందని చెబుతారు. ఇంకో మాట, పెద్దలకు చెప్పడానికి మీకు కష్టం కావచ్చు గనుక నేను రాస్తున్నాను. ఆమెకు 24 ఏళ్లు. రేపు మళ్లీ పెళ్లి చేసుకున్నా భర్త నుంచి ఆమెకు ఇప్పటికే సంక్రమించిన వాటా పోదు. "పెళ్లి చేసుకుంటే భూమి పోతుంది" అని ఎవరు అన్నా అది చట్టం కాదు.

బీమా, ఎక్స్‌గ్రేషియా డబ్బు వస్తే ఆమె సొంత ఖాతాలోనే పడాలి. అందులో పిల్లల భాగాన్ని వాళ్ల పేర్లతో డిపాజిట్ చేయించండి. పాపకు పదేళ్లలోపు కాబట్టి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా కూడా తెరవవచ్చు. తమ్ముడు బోరుకు తెచ్చిన అప్పు ఎవరిదో, ఎంతో కాగితం చూసి తేల్చండి. ప్రామిసరీ నోటు చూపించకుండా నోటి మాటగా అడిగేవారికి ఈ డబ్బులోంచి ఇవ్వకండి.

చివరగా నాయనమ్మ గారి 80 గుంటలు. మీ తమ్ముడి పిల్లలకు నిజమైన ఆధారం అదే. ఆమె ఏమీ రాయకుండా పోతే ఆ రెండు ఎకరాల్లో పెదనాన్నకు, మేనత్తకు, మీ నాన్నగారి శాఖకు మళ్లీ వాటాలు పడతాయి, అప్పుడు గెట్టు జరుగుతుంది. పట్టా ఆమె పేరున లేదు కాబట్టి ఇప్పుడు దానపత్రం రిజిస్టరు కాదు. వీలునామా మాత్రం రాయవచ్చు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించవచ్చు. ఎవరికి ఇవ్వాలన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. మీరు వాటాలు వివరించి ఊరుకోండి, ఒత్తిడి చేయకండి. మేనత్తకు కూడా దాచకుండా చెప్పండి. పిల్లలకే ఇస్తానని ఆమె అంటే, వీలునామాలో ఇద్దరి పేర్లు రాయించి, వాళ్లు మేజర్లు అయ్యేదాకా భూమి చూసుకునే బాధ్యత ఎవరిదో కూడా రాయించండి. లాభం పొందని సాక్షులు ఇద్దరు కావాలి, ఊళ్లో అందరూ గౌరవించే వాళ్లయితే మంచిది. 82 ఏళ్ల మనిషి కాబట్టి ఆ రోజే ప్రభుత్వ డాక్టరు చేత ఆమె మానసికంగా స్పష్టంగా ఉన్నారని ధ్రువపత్రం తీసుకోండి. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టకపోతే ఆలస్యమవుతుంది, ముందు రోజు ఆధార్ కేంద్రంలో ఒకసారి సరిచూపించండి. ఆటో మాట్లాడి ఉదయం పదింటికల్లా, ఎండ ముదరకముందే తీసుకెళ్లండి. సందూకలోని 38-ఇ సర్టిఫికెట్ అసలు మాత్రం ఇంట్లోనే ఉంచి, నకలు పట్టుకెళ్లండి.